గిద్దెడు బుర్ర రాకుమారుడు

అనగనగా ఒక రాజుండేవాడు. పేరు మహీసేనుడు, ఊరు ముత్యాలపట్నం. ఊరికి మూడు పక్కలా సముద్రం, నాలుగో పక్క సరుగుడు తోపులు. ఆ రాజుగారికి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయసేనుడు, నడిపివాడు విజయసేనుడు, చిన్నవాడు ఉదయసేనుడు. ఊ కొడుతున్నారా? కొట్టండి మరి. మీరు ఊ కొట్టకపోతే నా కథ కదలదు, ముందే చెబుతున్నా.

ఆ రాజ్యంలో ఒక పాడు ఆచారం ఉండేది. పెట్టినవాడు మానదండుడనే మాంత్రికుడు. పిల్లలకు ఐదేళ్ళు నిండాక, విజయదశమి నాడు, పలక చేతికిచ్చే ముందు వాళ్ళని కోట ముంగిట్లో వరసగా నిలబెట్టేవారు. మానదండుడు ఏడు సముద్రాల అవతల నుంచి గాల్లో తేలే గొడుగు పట్టుకుని దిగేవాడు. బియ్యం బుట్ట ముందు పెట్టి "ఊఁ, గుప్పెడు తియ్యి" అనేవాడు. బిడ్డ తీసిన బియ్యాన్ని తన మాయ కొలతల్లో పోసేవాడు. అన్నిటికన్నా చిన్నది గిద్ద. దానికన్నా పెద్దది సోల. అన్నిటికన్నా పెద్దది మానిక. ఏది నిండితే ఆ బిడ్డ బుర్ర అంతేనని చెప్పి, అదే కొలతని కర్రతో బుల్లిగా చెక్కించి మెడలో కట్టేసేవాడు.

ఇక అంతే. కన్నవాళ్ళూ, గురువులూ అందరూ ఆ కొలతకే కట్టుబడేవారు. మానిక పిల్లలకు కావ్యాలు చెప్పేవారు. సోల పిల్లలకు లెక్కలు చెప్పేవారు. గిద్ద పిల్లలకు "పోనీలే పాపం, నీడన కూర్చో" అని చెప్పేవారు.

అసలు గుట్టు ఎవరికీ తెలీదు, మీకు మాత్రం చెబుతా. ఏ బిడ్డయినా "నాకు రాదు" అని మనసులో అనుకుంటే చాలు, మానదండుడి ఆయుష్షు ఒక ఏడాది పెరిగేది. అలా మూడొందల ఏళ్ళు పెంచుకున్నాడు, ముదనష్టపువాడు!

రాజుగారి కొడుకులకూ ఈ కొలత తప్పలేదు. జయసేనుడు రెండు చేతులూ పెట్టి తీశాడు. మానిక నిండింది. విజయసేనుడు అన్నని చూసి అలాగే తీశాడు గానీ సగం కింద పోసుకున్నాడు. సోల నిండింది. ఉదయసేనుడు చెయ్యి పెట్టాడు, నిండుగానే తీశాడు. తీరా చూస్తే గుప్పిట్లో తెల్లగా ఒక బియ్యపు పురుగు మెదులుతోంది. అయ్యో, నలిగిపోతుందేమోనని చటుక్కున గుప్పిట విప్పేశాడు. చేతిలో మిగిలినవి నాలుగు గింజలు. గిద్ద కూడా సరిగ్గా నిండలేదు.

"గిద్దెడు!" అన్నాడు మానదండుడు. రాజుగారు ముఖం పక్కకు తిప్పుకున్నారు. ఆ రోజు నుంచి కోటలో అందరూ ఆ పిల్లాణ్ణి గిద్దబాబు అనడం మొదలుపెట్టారు. అంటూ అంటూ ఉంటే ఏమవుతుంది చెప్పండి? వాడూ అదే నమ్మాడు.

ఎంతైనా రాజు కొడుకు కదా, ముగ్గురు గురువుల్ని పెట్టారు. మొదటాయన బెత్తంతో వచ్చాడు. బెత్తం విరిగింది గానీ అక్షరం రాలేదు. రెండో ఆయన బెల్లంతో వచ్చాడు. బెల్లం అయిపోయింది గానీ అక్షరం రాలేదు. మూడో ఆయన మంచివాడు పాపం, బెత్తమూ లేదు, బెల్లమూ లేదు. "నీ కొలతకి ఇంతకన్నా పట్టదు నాయనా, నువ్వు కష్టపడకు" అని తల నిమిరి, చాప మీద పడుకునేవాడు. ముగ్గురిలోకీ ఎక్కువ చెడుపు చేసింది ఈ మంచివాడే అంటాను నేను. పిల్లవాడికి పదేళ్ళొచ్చాయి. బెత్తం దెబ్బలు మర్చిపోయాడు గానీ ఆ జాలి మాత్రం మర్చిపోలేకపోయాడు.

అప్పుడు సభకి పోలమ్మ అనే ముసలమ్మ వచ్చింది. సముద్రపు ఒడ్డున గుడిసె, చిరిగిన వలలు బాగుచెయ్యడం ఆమె పని.

"నీకేం కావాలి అవ్వా?" అన్నారు రాజుగారు.

"చిన్నబాబు కావాలి మారాజా."

"చదువు చెబుతావా? నీకు అక్షరాలు వచ్చా?"

"ఒక్క ముక్క రాదు."

సభంతా ఘొల్లున నవ్వింది. పోలమ్మ అందరూ నవ్వేదాకా ఆగి, అప్పుడు అంది. "నేను చెబుతానన్నానా మారాజా? నాకు చెప్పమంటున్నా. అరవై ఏళ్ళొచ్చాయి. ఒక్క గురువు కోసం ఊరంతా తిరిగాను. ఈ వయసులో నీకెందుకే అన్నారు. మీ చిన్నబాబు ఖాళీగా ఉన్నాడని విన్నాను. ఆయన్ని నాకు గురువుగా ఇప్పించండి."

రాజుగారికి విసుగెత్తిపోయి ఉంది. "పట్టుకుపో" అన్నారు.

ఒడ్డున గుడిసె ముందు పోలమ్మ వల పరుచుకుని కూర్చుంది. ఉదయసేనుడు మెడలో గిద్ద పట్టుకుని బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు.

"నాకేమీ రాదు అవ్వా" అన్నాడు.

"ఇలా చూడు నాయనా. వల చిరిగింది కదా. చిరుగు దగ్గర సూది పెడితే ఇంకా చిరుగుతుంది. ఎక్కడ ముడి గట్టిగా ఉందో వెతికి, అక్కడి నుంచి అల్లుకుంటూ రావాలి. నీకేం రాదో నాకెందుకు? ఏం వచ్చో చెప్పు."

పిల్లవాడు ఇసుక వైపు చూశాడు. "ఏ బొరియలో ఏ పీత ఉంటుందో తెలుసు" అన్నాడు నెమ్మదిగా.

"అబ్బో! నలభై ఏళ్ళుగా ఇక్కడున్నాను, నాకు తెలీదు. ఏదీ, చూపించు."

చూపించాడు. ఒకటి కాదు, రెండు కాదు, పదిహేడు బొరియలు చూపించాడు. పోలమ్మ ప్రతి బొరియ దగ్గరా వంగి, ముక్కు మీద వేలేసుకుని "ఓలమ్మో!" అంది. ఎవరైనా తన ముందు ఆశ్చర్యపోవడం ఆ పిల్లవాడు పుట్టాక అదే మొదటిసారి.

"పీత అని ఎలా రాస్తారు గురువుగారూ?" అందామె.

గురువుగారికి తెలీదు. కానీ అవ్వ అడిగింది కదా! కోటకి పరిగెత్తాడు. అన్నల పాఠశాల కిటికీ కింద నక్కి కూర్చుని, పీ నేర్చుకుని, త నేర్చుకుని, మర్చిపోకుండా దారంతా గట్టిగా అనుకుంటూ వచ్చి, ఇసుకలో రాశాడు. అవ్వ దాని పక్కనే వంకరటింకరగా దించింది.

"రేపు రెండు మాటలు చెప్పాలి" అంది.

మర్నాడు రెండు చెప్పాడు. ఆ మర్నాడు నాలుగు అడిగింది. ఎంత చెప్పినా "ఇంతేనా గురువుగారూ? మీ దగ్గర ఇంకా ఉంటుంది, దాచుకుంటున్నారు" అనేది. చేపలమ్మే వాళ్ళకీ, నీళ్ళు మోసే వాళ్ళకీ "మా గురువుగారు చిన్నబాబే" అని గొప్పలు చెప్పుకునేది. వాళ్ళు మొదట్లో నవ్వారు, తర్వాత నవ్వు మానేశారు. పిల్లవాడు ఒక్కపూట ఆలస్యంగా వస్తే గుమ్మంలో నిలబడి "శిష్యురాలు ఎదురుచూస్తోందన్న జ్ఞానం లేదూ?" అని కేకలేసేది. అవ్వ కేకలేస్తుంటే వాడికి ఎంత హాయిగా ఉండేదో! తను రాకపోతే ఎదురుచూసే మనిషి ఒకరున్నారు మరి.

ఆ పాఠాలకి ఇంకో ముగ్గురు చేరారు. ఒక కాకి, ఒక పీత, ఒక తాబేలు. ఎండు చేపల కోసం వచ్చి అక్కడే ఉండిపోయాయి. కాకికి చదువేంటని లోకం నవ్వుతుంది గానీ మనవాడు నవ్వలేదు. దానికి 'కా' ఎలాగూ వచ్చు కదా, అక్కడే గట్టి ముడి ఉందని చూసుకుని, 'అ' మానేసి 'క'తోనే మొదలుపెట్టాడు. పీతకి గోళ్ళున్నాయి గనక ఇసుక మీద రాతతో మొదలుపెట్టాడు. తాబేలు దగ్గర మాత్రం తల ప్రాణం తోకకి వచ్చింది. ఒక్క 'అ' అనడానికి పదకొండు నెలలు పట్టింది. మనవాడు పదకొండు నెలలూ రోజూ దాని ముందు కూర్చుని, "నీకు వస్తుంది, తొందరేం లేదు" అన్నాడు. వచ్చింది కూడా. ఇంకొకళ్ళకి చెప్పాలంటే తను నేర్చుకోక తప్పదు. అలా ఎనిమిదేళ్ళు తిరిగేసరికి గిద్దబాబుకి రాని పుస్తకం కోటలో లేదు. ఆ సంగతి కోటలో ఎవరికీ తెలీదు, వాడికీ తెలీదు. మెడలో గిద్ద అలాగే ఉంది.

ఆ ఏడు దశమి వచ్చింది. సభలో ఊరి విన్నపం చదవడం ఆనవాయితీ. రాజుగారు పెద్దకొడుక్కి తాళపత్రం ఇచ్చారు. జయసేనుడు ఆకు వంక చూడకుండానే గడగడా అప్పజెప్పాడు. అంతా కిందటేడాది విన్నపమే. విజయసేనుడు అన్న చెప్పిందే మళ్ళీ చెప్పాడు. అప్పుడు వెనక వరసలోంచి ఉదయసేనుడు లేచి, "నాన్నగారూ, ఇందులో వేరే రాసి ఉంది" అన్నాడు. ఆకు తీసుకుని చదివాడు. "గాలివానకి మా పడవలు నలభై కొట్టుకుపోయాయి. కొత్త పడవలకి కర్ర ఇప్పించండి మహారాజా" అని ఉంది. సభలోని బెస్తవాళ్ళు లేచి నిలబడి ఏడ్చారు. వాళ్ళ విన్నపం ఉన్నదున్నట్టు చదివిన మొదటి నోరు అదే.

అప్పుడే గొడుగు దిగిన మానదండుడికి ఒళ్ళు మండిపోయింది. "గిద్దెడువాడికి ఇంత బుర్ర ఎవరు పోశారు?" అని అరిచాడు.

పోలమ్మ ముందుకొచ్చింది. "ఎవరూ పొయ్యలేదయ్యా. ఆయనే మాకు పోశాడు."

మాంత్రికుడు గొడుగు తిప్పి ఆమె వైపు చూపించాడు. చూస్తుండగానే అవ్వ ఇసుకరాయి అయిపోయింది. "వచ్చే దశమి దాకా ఈ రాయి రోజుకింత రాలుతుంది. ఆ రోజు సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి అంతా ఇసుకై గాలికి పోతుంది. కొలత దాటినవాళ్ళకి ఇదే శాస్తి!" అని ఎగిరిపోయాడు.

ఉదయసేనుడు రాయిని కౌగిలించుకుని ఏడ్చిన ఏడుపు ఇప్పుడు చెబితే మీరూ ఏడుస్తారు, వద్దు. రాయిని బండి మీద ఒడ్డుకి తెచ్చి గుడిసె ముందు నిలబెట్టాడు. మొదటి రోజే చెంగు అంచు నుంచి ఒక చారెడు ఇసుక రాలింది.

మానదండుణ్ణి గెలిచి రావడానికి అన్నలూ వెళ్ళారు, వెళ్ళలేదనకూడదు. జయసేనుడు మొదటి సముద్రం మధ్య దాకా వెళ్ళి, "మా పుస్తకంలో దీని లోతు రాయలేదు" అని తిరిగొచ్చాడు. విజయసేనుడు దారిలో అన్న ఎదురైతే అక్కడే పడవ తిప్పేశాడు.

"ఇంక నువ్వే వెళ్ళాలి" అంది కాకి. దానికి అన్ని దేశాల్లోనూ చుట్టాలే, వార్త పట్టుకొచ్చింది. "సముద్రాలన్నిటికీ అవతల మానదండుడి దీవి ఉంది. వాడి ప్రాణం పంజరంలోని చిలకలో ఉందట, వాడు పోతే అవ్వ శాపమూ పోతుందట."

"నేనా? నాది గిద్ద..." అని ఉదయసేనుడు గొణిగాడు.

"నాకు 'కా' తప్ప రాదని నేనన్నప్పుడు ఇలాగే ఒప్పుకున్నావా?" అని కాకి కసిరింది. పీత కాలి వేలు పట్టి లాగింది. తాబేలు నీళ్ళలోకి దిగి వీపు చూపించింది.

సరే, బయల్దేరారు. తాబేలు వీపు మీద రాకుమారుడు, రాకుమారుడి భుజం మీద కాకి, జోలెలో పీత. మొదటిది ఉప్పు సముద్రం. రెండోది చెరకురసం సముద్రం. మూడోది కల్లు సముద్రం. ఆ వాసనకే కళ్ళు మూతలు పడి, రాకుమారుడూ కాకీ పీతా గుర్రుపెట్టి నిద్రపోయారు. ఒక్క తాబేలే ముక్కు మూసుకుని ఈదుకుంటూ పోయింది. నాలుగోది నెయ్యి సముద్రం, అయిదోది పెరుగు సముద్రం, ఆరోది పాల సముద్రం, ఏడోది మంచినీళ్ళ సముద్రం. అన్నీ దాటేసరికి ఇంచుమించు ఏడాది గడిచింది. దశమి ఇంకా మూడు రోజులుంది.

దీవి చుట్టూ కోట, దానికి మూడు వాకిళ్ళు. మొదటి వాకిలి తలుపు కొండంత ఎత్తు, దాని పైన ఎక్కడో చీమల్లా అక్షరాలు. కాకి ఎగిరి చదివింది. "తొయ్యకు, తట్టకు, పక్కకు జరుపు." జరిపారు, జరిగింది. రెండో వాకిలికి తాళం ఉంది. తాళం చెవి తాళం లోపలే ఉంది. పీత కన్నంలోంచి దూరి, గోటితో చెవిని పట్టుకుని తిప్పింది.

మూడో వాకిలి ముందు తాడిచెట్టంత రాక్షసుడు కూర్చున్నాడు. "కొలత చూపించు! మానిక అయితే మింగుతా, సోల అయితే నములుతా!" అన్నాడు.

రాకుమారుడు మెడలో గిద్ద చూపించాడు. రాక్షసుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "గిద్దా? నీ వల్ల మా అయ్యకి భయమేంటి? పో పో, లోపల నీడన కూర్చో, ఎండదెబ్బ తగులుతుంది" అని దారి ఇచ్చాడు. చూశారా, బుద్ధిలేనివాడు ఎలా మోసపోయాడో!

లోపల బంగారు పంజరంలో పచ్చని చిలక. మనిషిని చూడగానే "నీకు రాదు! నీకు రాదు!" అని మొదలెట్టింది. మానదండుడు దానికి వెయ్యి మాటలు నేర్పాడు. ఎవరు ఏది చెప్పినా తిరిగి అప్పజెప్పడం కూడా నేర్పాడు. సొంత మాట మాత్రం ఒక్కటి కూడా నోట రానివ్వలేదు. ఆ చిలక సొంతంగా ఒక్క మాట అంటే వాడి ప్రాణం పోతుంది. కాకి చుట్టాలకి ఇంత లోతు గుట్టు తెలీదు.

"చూస్తావేం, మెడ నులిమెయ్!" అంది కాకి.

ఉదయసేనుడు పంజరంలో చెయ్యి పెట్టాడు. చిలక బెదరలేదు, రెక్క కదపలేదు. "నీకు రాదు" అంటూనే తల వంచేసింది. వాడు చెయ్యి వెనక్కి తీసేసుకున్నాడు.

"దీని నోట్లో ఉన్న మాట దీనిది కాదే. ఎవడో పెట్టిన మాట. ముందు దీని మాట ఏంటో వినాలి" అన్నాడు.

"అవతల అవ్వ ఇసుకైపోతోంది!" అని కాకి గోలపెట్టింది.

"తెలుసు" అన్నాడు, కళ్ళ నీళ్ళు తుడుచుకుని పంజరం ముందు కూర్చున్నాడు.

మొదటి రోజు "నీ పేరేంటమ్మా?" అని అడిగాడు. చిలక "నీ పేరేంటమ్మా?" అంది. వందసార్లు అడిగితే వందసార్లూ అంతే. రెండో రోజు పాట పాడాడు. చిలక అదే పాట పాడింది, వాడు శ్రుతి తప్పిన చోట అదీ తప్పింది. మూడో రోజు దశమి. సూర్యుడు పైకి పాకుతున్నాడు. ఉదయసేనుడికి ఏం చెయ్యాలో తోచలేదు. ప్రశ్నలు మానేసి, కూర్చుని తన గోడంతా చెప్పుకున్నాడు. గిద్ద సంగతి చెప్పాడు, అవ్వ సంగతి చెప్పాడు, రాయి సంగతి చెప్పాడు. చిలక తిరిగి అప్పజెప్పలేదు. మెడ పక్కకి వంచి వింది.

అంతలో తలుపు దభాలున తెరుచుకుంది. ముత్యాలపట్నం వెళ్ళడానికి గొడుగు చేతపట్టుకున్న మానదండుడు!

"ఓరి గిద్దెడువాడా! నా చిలకకి పాఠం చెబుతున్నావా? అది వెయ్యి మాటలు వల్లిస్తుంది. వెయ్యిన్నొకటో మాట ఈ జన్మలో అనదు. చావడానికే వచ్చావా ఇంత దూరం?"

ఉదయసేనుడు లేచి పంజరానికి అడ్డం నిలబడ్డాడు. "మా అవ్వ కోసం వచ్చాను. ఆరు సముద్రాలు దాటి వచ్చాను" అన్నాడు.

చిలక కదిలింది.

"లెక్కపెట్టుకో!" అని ఉదయసేనుడు మానదండుడి ముందు వేళ్ళు మడిచాడు. "ఉప్పు, చెరకురసం, నెయ్యి, పెరుగు, పాలు, మంచినీళ్ళు. ఆరు!"

నిద్రపోయాడు కదా మనవాడు, ఒకటి ఎలా తెలుస్తుంది? కాకికీ తెలీదు, పీతకీ తెలీదు, అవీ నిద్రపోయాయి. తాబేలు ఒడ్డున ఉండిపోయింది. మీరైతే ఊరుకుంటారా? ఊరుకోరు, మీ మొహాలే చెబుతున్నాయి. చిలక కూడా ఊరుకోలేకపోయింది. ఒళ్ళంతా ఉబ్బించుకుంది, ముక్కు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది.

"కాదు!" అంది. "కాదు, కాదు! కల్లు సముద్రం ఏమైంది? ఏడు!"

మానదండుడి చేతిలోంచి గొడుగు జారిపోయింది. వాడు నేర్పిన వెయ్యి మాటల్లో 'కాదు' అన్నది లేదు. నేర్పితే ఏమవుతుందో వాడికి తెలుసు. "నోరు ముయ్" అనబోయాడు గానీ అప్పటికే కాళ్ళ నుంచి ఊక అయిపోతున్నాడు. నడుము దాకా అయ్యాడు, మెడ దాకా అయ్యాడు, ఒక్క గాలికి కొట్టుకుపోయాడు. మూడొందల ఏళ్ళ బతుకు ఒక గంపెడు ఊక.

పంజరం విరిగి, చిలక ఉన్నచోట పదిహేడేళ్ళ ఆడపిల్ల నిలబడి ఉంది. పక్క దేశపు రాజు కూతురు, పేరు కనకవల్లి. అయిదేళ్ళప్పుడు కొలత కట్టబోతే "ఎందుకు?" అని అడిగిందట. అది వినగానే కడుపు మండి, మానదండుడు ప్రాణం దాచుకున్న పాత చిలకని వదిలేసి, ఈ పిల్లని చిలకని చేసి ఆమెలో ప్రాణం దాచుకున్నాడు. సొంత మాట రాకుండా చేస్తే ఇంత భద్రమైన చోటు ఇంకోటి ఉండదనుకున్నాడు.

"ఏడు సముద్రాలు దాటి వచ్చి ఆరంటావేంటయ్యా? నీకు లెక్కలు ఎవరు చెప్పారు?" అని ఆ పిల్ల నవ్వింది. పన్నెండేళ్ళ తర్వాత నవ్విన నవ్వు, నవ్వుతూనే ఏడ్చేసింది. ఉదయసేనుడికీ నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి.

కానీ కిటికీలోంచి చూస్తే సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు.

ఇద్దరూ గొడుగు పట్టుకుని ఎగిరారు. కాకి పక్కనే ఎగిరింది, పీత జోలెలోకి ఎక్కింది. తాబేలు "ఈదుకుంటూ వస్తా, నా కోసం ఆగకండి" అంది. ఉదయసేనుడు ముత్యాలపట్నం ఒడ్డున దిగి గుడిసె ముందుకి పరిగెత్తాడు. రాయి లేదు. రాయి ఉన్నచోట ఇసుక కుప్ప ఉంది, గాలికి అంచులు లేస్తోంది.

వాడు ఆ కుప్ప మీద పడి, పోతున్న ఇసుకని రెండు చేతులా ఆపుతూ "అవ్వా, ఆలస్యమైపోయిందే, ఆలస్యమైపోయిందే అవ్వా" అని గుండెలు పగిలేలా ఏడ్చాడు. కనకవల్లి కూడా కూర్చుని ఇసుకని ఆపింది. అవ్వని ఒక్కసారైనా చూడని పిల్ల, వాడు చెప్పిన మాటలు తలుచుకుని తనూ ఏడ్చింది.

"ఆ ఇసుకని ఎందుకయ్యా పోగేస్తున్నావు? ఇప్పుడే కదా దులిపేసుకున్నాను!"

వెనక్కి తిరిగితే పోలమ్మ. సముద్రంలో మునిగొచ్చినట్టుంది, తల తడి ఆరలేదు. సూర్యుడు నడినెత్తికి ఇంకా రాకముందే రాయి బీటలిచ్చి పైపెంకు రాలిపోయిందట, లోపల మనిషి మనిషిలాగే ఉందట. "చెవుల్లో, ముక్కులో, ఎక్కడ చూడు ఇసుకే. ఛీ!" అంటోంది. ఉదయసేనుడు ఆమె కాళ్ళు చుట్టేసి వదల్లేదు. ఆమె కేకలేద్దామనే అనుకుంది, పాపం, మానేసింది. ఆ పిల్లాడి తల పొట్టకి అదుముకుని అలాగే నిలబడిపోయింది.

ఆ తర్వాత అంతా సంబరమే. మెడల్లోని కొలతలన్నీ తెంపేశారు. మాంత్రికుడి పెద్ద కొలతల్ని వంటిళ్ళకి పంపించి బియ్యం కొలుచుకున్నారు. "లెక్క తప్పే మొగుడికి పక్కనే ఒకరుండాలి" అని కనకవల్లి తనే పెళ్ళి మాట ఎత్తింది. పెళ్ళి అయిదు రోజులు జరిగింది. ఏడాది తర్వాత తాబేలు ఒడ్డుకి చేరింది, దాని కోసం అయిదు రోజులూ మళ్ళీ చేశారు. జయసేనుడూ విజయసేనుడూ కూడా సంతోషంగా వడ్డించారు, చెడ్డవాళ్ళేం కాదు వాళ్ళు. "మీ విన్నపాలు చదివేవాడే మీ రాజు" అని మహీసేనుడు చిన్నకొడుక్కి కిరీటం పెట్టారు.

ఉదయసేనుడు రాజయ్యాక కూడా పొద్దున్నే కోట ముంగిట్లో చాపలు పరిచి పిల్లలతో కూర్చునేవాడు. ఒకరోజు చాప చివర ఒక పెద్దమనిషి వచ్చి నిలబడ్డాడు. చూస్తే తండ్రి. అటూ ఇటూ చూసి, పట్టుచొక్కా లోపల నుంచి ఒక తాడు బయటికి లాగాడు. ఆ తాడుకి అరవై ఏళ్ళ మాసిన కర్ర గిద్ద.

"అందరిచేతా చదివించుకునే రాజ్యం చేశాను నాయనా" అన్నాడు. "మీ పెద్దన్న కిందటేడాది విన్నపం అప్పజెబితే నేనెందుకు ఊరుకున్నానో తెలుసా? నాకూ చదవడం రాదు. నీకు గిద్ద పడ్డ రోజున నీ మొహం చూడలేకపోయాను. నిన్ను చూసి కాదు, నన్ను చూసుకుని. ఇప్పుడు నేర్చుకుంటే వస్తుందా?"

ఉదయసేనుడు పక్కకి జరిగి చాప మీద చోటిచ్చాడు. ముసలాయన అయిదేళ్ళ పిల్లల మధ్య మఠం వేసుకుని కూర్చున్నాడు. పక్కనున్న బుడ్డది తన బలపం విరిచి సగం ఆయనకిచ్చింది.

ఉదయసేనుడూ కనకవల్లీ అరవై ఏళ్ళు చల్లగా రాజ్యం చేశారు, పిల్లల్నీ మనవల్నీ చూశారు, ఆ రాజ్యంలో ఎవరి మెడలోనూ ఏ కొలతా కట్టలేదు. ముసలి రాజుగారికి చదవడం రావడానికి రెండేళ్ళు పట్టింది. వచ్చిన రోజున ఆయన స్వయంగా కొడుక్కి ఉత్తరం రాసి, గుమ్మంలో పెట్టి, సిగ్గుపడి వెళ్ళిపోయాడు. "నాయనా, నువ్వు బాగా చెబుతావు. రేపు తొందరగా వస్తాను, నా చోటు ఉంచు" అని రాశాడు. ఆ రెండు ముక్కల్లో ఆరు తప్పులున్నాయి. ఉదయసేనుడు ఒక్కటి కూడా దిద్దలేదు.